బయానా ఇచ్చాక నీళ్ల భయం పట్టుకుంది, ఏం చేయాలి?

హనుమకొండ నుంచి ఒక చెల్లెలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, కాలనీ పేరు బయటపెట్టొద్దన్నారు. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచర్. భర్తకు భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగం, వారానికోసారి ఇంటికొస్తారు. ఇద్దరు పిల్లలు, అత్తామామలు ఆమె దగ్గరే ఉంటారు. మామగారికి పక్షవాతం వచ్చి రెండేళ్లయింది, ఎవరైనా పట్టుకుంటే తప్ప నాలుగడుగులు వేయలేరు. పెళ్లయినప్పటి నుంచి అద్దె ఇళ్లే.

ఉగాదికి ముందు భర్త బాబాయి మధ్యలో ఉండి ఊరి చివర 200 గజాల ప్లాటు మాట్లాడారు. గజం 14 వేలు. అదే రోడ్డుకు అవతలి పక్క వెంచర్‌లో 20 వేలు నడుస్తోంది. 3 లక్షలు బయానా ఇచ్చారు. మిగతాది మూడు నెలల్లో ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. బ్యాంకు లోను పోగా తక్కువ పడితే ఆమె బంగారం అమ్మాలని అనుకున్నారు.

ఆమె మాటల్లోనే కొంచెం: "బయానా ఇచ్చిన మరుసటి ఆదివారం అత్తమ్మను తీసుకుని ప్లాటు చూడటానికి వెళ్లాను. రెండిళ్ల అవతల ఒక ఇంటి ప్రహరీకి నడుము ఎత్తు వరకే కొత్త రంగు వేసి ఉంది, ఆపైన పాత రంగే. గేటు ముందు కొత్తగా మూడు మెట్లు కట్టారు. వెనకాల కొంచెం దూరంలో కుంట కట్ట కనబడింది. నా కాళ్లల్లో సత్తువ పోయింది. 2020 ఆగస్టులో మా అమ్మ వాళ్లింట్లోకి నీళ్లొచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మా చిన్నోడు ఐదు నెలల పిల్లాడు. వాణ్ని సజ్జ మీద పడుకోబెట్టి, పడిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి తెల్లారేదాకా నిలబడ్డాను. మా ఆయనకు ఈ మాట చెబితే 'రోడ్డు కంటే మూడడుగులు లేపి కడదాం, ఇన్సూరెన్స్ చేయిద్దాం, ఇంకేం టెన్షన్?' అంటున్నారు. బాబాయిగారేమో ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లను క్రమబద్ధీకరించే పథకం) కట్టిన ప్లాటు, బ్యాంకే లోను ఇస్తుంటే నీకెందుకు అనుమానం అంటున్నారు. శుభమా అని ఇల్లు కట్టుకుంటుంటే మునుగుతుందంటావేంటని అత్తమ్మ కోపం. నాది ఉత్త భయమేనా? ఇన్సూరెన్స్ ఉంటే సరిపోతుందా? 3 లక్షలు వదులుకోవాల్సి వస్తుందా?"

చెల్లీ, మీది ఉత్త భయం కాదు. మీ ఇంట్లో అందరికంటే మీరే ఆ ప్లాటును సరిగ్గా చూశారు. మిగతావాళ్లు కాగితం చూశారు, రేటు చూశారు. మీరు పక్కింటి గోడ చూశారు. నడుము దాకా మాత్రమే రంగు ఎందుకు వేస్తారో వరంగల్‌లో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అయితే ఆ గోడ ఒక్కటే చూసి ప్లాటు వదిలేయమని కూడా నేను చెప్పను. ఆ నీళ్లు కుంట నుంచి వచ్చాయా, రోడ్డు పక్క మోరీ పూడిపోయి నిలిచాయా తెలియాలి. మొదటిదైతే మీ చేతుల్లో ఏమీ లేదు, రెండోది బాగు చేయగలిగేది.

మీ ఇంట్లో జరుగుతున్న వాదనలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. ఆ స్థలంలో ఇల్లు కట్టడానికి చట్టం ఒప్పుకుంటుందా అన్నది ఒకటి. అక్కడికి నీళ్లొస్తాయా అన్నది ఇంకొకటి. వస్తే నష్టం ఎవరు భరిస్తారన్నది మరొకటి. మీరు రెండోది అడిగితే బాబాయిగారు మొదటిదానికి జవాబు చెబుతున్నారు, మీ ఆయన మూడోదానికి చెబుతున్నారు. మీరు అడిగినదానికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. అందుకే ఎంత మాట్లాడినా మీకు మనసు కుదుటపడటం లేదు.

ముందు బాబాయిగారి మాట చూద్దాం. "ఎల్‌ఆర్‌ఎస్ కట్టాం" అన్నమాటకు మన దగ్గర రెండు అర్థాలున్నాయి. 2020లో వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లూ అదే మాట అంటారు, ఫీజంతా కట్టి క్రమబద్ధీకరణ ప్రొసీడింగ్స్ తెచ్చుకున్నవాళ్లూ అదే అంటారు. మీరు ప్రొసీడింగ్స్ కాగితం అడగండి. చెరువు శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, నాలాలో ఉన్న ప్లాట్లకు ఆ పథకం వర్తించదని నిబంధనల్లోనే ఉంది. అసలు కాగితం చేతికొస్తే కొంత ధైర్యం, అది కూడా చట్టం వరకే. బ్యాంకు సంగతీ అంతే. బ్యాంకు లాయరు హక్కు పత్రాలు చూస్తారు, అప్పు తిరిగి వసూలవుతుందా అని చూస్తారు. వాళ్ల ఇంజినీరు వచ్చి విలువ కడతారు. వానాకాలం రాత్రి ఆ గేటు ముందు నీళ్లెంత లోతుంటాయో చూడటం వాళ్ల పని కాదు. ఇంటి పర్మిషన్ కూడా ఇప్పుడు చిన్న ఇళ్లకు చాలావరకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వస్తోంది. ఇన్ని కాగితాలున్నా, ఆ స్థలంలో నీళ్లు నిలవవని ఏ ఒక్కటీ మీకు మాటివ్వదు.

మీరు చూడాల్సిన కాగితం వేరే ఉంది. లింకు డాక్యుమెంట్లు (ఆ భూమి ఇంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు) అన్నీ, వెనక్కి ఎంత దూరం దొరికితే అంత దూరం తెప్పించుకుని నాలుగు దిక్కుల హద్దులు చదవండి. ఈ పని ఎవరూ చేయరు, కానీ నా అనుభవంలో ఎన్నో ఇళ్ల గుట్టు అక్కడే బయటపడింది. ఇప్పటి డాక్యుమెంటులో "పడమర: 20 అడుగుల రోడ్డు" అని ఉంటుంది. అదే భూమి ముప్పై ఏళ్ల కింద పొలంగా అమ్ముడైన డాక్యుమెంటులో "పడమర: ఒర్రె" అని ఉంటుంది. ఒర్రె, అంటే ఆ చిన్న వాగు, ఎటు పోయినట్టు? దాని మీద మొరం పోసి రోడ్డు వేశారు. పేరు మారిందే కానీ వాన పడితే నీళ్లకు పాత దారే గుర్తు. ఊరి నక్షలో కూడా వాగులు, కుంటలు, శిఖం సర్వే నంబర్లు గుర్తులతో ఉంటాయి. మీ సర్వే నంబరు దాని పక్కనే ఉంటే సర్వేయర్‌ను పెట్టుకుని కొలిపించండి. ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు.

"శిఖం పట్టా" అన్న మాట ఎక్కడైనా కనబడితే మాత్రం అక్కడే ఆగిపోండి. అది పట్టాయే, యజమానీ ఉంటాడు. కానీ నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికే ఆ హక్కు, ఇల్లు కట్టుకోవడానికి కాదు. "పట్టా భూమి" అని చెప్పి అమ్మితే అబద్ధం చెప్పినట్టు ఉండదు, నిజం చెప్పినట్టూ ఉండదు.

దూరాల లెక్క కూడా తెలుసుకోండి. మన రాష్ట్ర భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకంటే చిన్న కుంటైతే 9 మీటర్లు. వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, అంతకు లోపలైతే 2 మీటర్లు. 2024లో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ కూల్చివేతలు చూశాక జనం ఎఫ్‌టీఎల్ అన్న మాట నేర్చుకున్నారు. హైడ్రా పరిధి హైదరాబాద్ వరకే అయినా ఈ దూరాల నిబంధన మనకూ ఉంది. ఎఫ్‌టీఎల్ మ్యాపు నీటిపారుదల శాఖ దగ్గర ఉంటుంది. నోటిమాటతో ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఈ దూరాల్లోపల ప్లాటు ఉందని తేలితే ఇక మిగతా ఉత్తరం చదవక్కర్లేదు. కొనకండి.

ఆ గీత బయట ఉందని తేలితే ఏమిటి? ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎఫ్‌టీఎల్ అంటే కుంట నిండి మత్తడి (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు) దగ్గర నీళ్లు సమానంగా నిలిచినప్పటి గీత. మత్తడి దుంకేటప్పుడు నీళ్లు ఆ గీత మీద ఆగవు. మత్తడి మీద రెండడుగుల ఎత్తున నీళ్లు పోతున్నాయంటే కుంట లోపలి వైపు కూడా అంత మేర పైకి లేచి ఉన్నట్టే. కట్ట కింద ఉన్న ప్లాట్ల కథ వేరు. వాటికి ఎఫ్‌టీఎల్‌తో పని లేదు, మత్తడి నీళ్లు పోయే దారితో, కట్ట గట్టిదనంతో పని. 2023 జూలై 29న భద్రకాళి చెరువు కట్ట పోతననగర్ వైపు తెగినప్పుడు కింద ఉన్న కాలనీల వాళ్లు పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తారు. మీ ప్లాటు కుంటకు లోపలి వైపా, కట్ట కిందనా అన్నది మీ ఉత్తరంలో లేదు. వెళ్లి చూసుకోవాల్సిన మొదటి సంగతి అది.

మనది కాకతీయుల గొలుసుకట్టు చెరువుల నేల. పై చెరువు మత్తడి పడితే ఆ నీళ్లు కింది కుంటకు, ఆ కుంట నిండితే ఇంకా కింది చెరువుకు పోవాలి. మధ్యలో ఉన్న వరి మళ్లు కూడా కొన్ని నీళ్లు పట్టి ఉంచేవి. ఇప్పుడు ఆ మళ్లే మన ప్లాట్లు. ఒక ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్లు. మీ వీధికొచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది అనుకోండి. ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు పడితే ఎకరానికి 240 ట్యాంకర్లు. 2023 జూలై 27 పొద్దుటికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్లు నమోదైంది. ఆ నీళ్లకు సిమెంటు రోడ్డు మీద ఇంకడానికి చోటెక్కడిది?

"అలాంటి వాన వందేళ్లకోసారి పడుతుంది" అని మీ ఆయన అనొచ్చు. ఆ మాటను ఇంజినీర్లు వాడేది వేరే అర్థంలో. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒక వంతు అని. మీ ఇంటి లోను 20 ఏళ్లనుకుంటే, ఆ లోను తీరేలోపు కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం నూటికి 18. పాతికేళ్లకోసారి వచ్చే వరదైతే అదే 20 ఏళ్లలో నూటికి 56. ఈ లెక్కలు పక్కన పెట్టినా, మన ఊరు 2020 ఆగస్టులో మునిగింది, 2023 జూలైలో మునిగింది, 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు మళ్లీ మునిగింది.

ఈ మూడు తేదీలు పట్టుకుని జనాన్ని అడగండి. "ఇక్కడ నీళ్లొస్తాయా?" అని అడిగితే ఎవరూ చెప్పరు, వాళ్ల ప్లాట్ల రేటు పడిపోతుందని భయం. "2023లో మీ ఇంట్లో ఎంత ఎత్తు వచ్చాయి?" అని అడగండి, తెలియకుండానే చేత్తో చూపిస్తారు. కుంటలో చేపలు పట్టే సొసైటీ వాళ్లను, ఆ పక్కన బర్లు మేపుకునేవాళ్లను, ఊళ్లో నీరటి పని (చెరువు నీళ్లు వదిలే పని) చేసిన పెద్దమనిషి ఇంకా ఉంటే ఆయనను కలవండి. ఏ వానకు నీళ్లు ఏ చెట్టు దాకా వచ్చాయో వాళ్లకు తెలిసినంత ఏ ఆఫీసుకూ తెలియదు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. పదిహేనేళ్ల వెనక్కి జరిపితే మీ ప్లాటు చోట పొలం ఉందా, నీళ్లు ఊరే పచ్చటి జాలు గీత ఉందా కనబడుతుంది.

ఆ తర్వాత లెవెల్ మిషన్ ఉన్న సర్వేయర్‌ను ఒక పూటకు పిలిపించండి. మత్తడి పై అంచు నుంచి మీ ప్లాటు నేల ఎంత ఎత్తో, ఎంత పల్లమో కొలిపించండి. ముందు రోడ్డు, వెనక రోడ్డు, పక్కింటి రంగు గీత, అన్నిటి లెవెల్ రాయించుకోండి. ఆ ఖర్చు మీరిచ్చిన బయానా ముందు చాలా చిన్నది. ఆ ఒక్క కాగితం మీ ఇంట్లో గొడవను తగ్గిస్తుంది. కోడలు అశుభం పలికిందన్న మాట ఉండదు, బాబాయిగారి పెద్దరికాన్ని కాదన్నట్టూ ఉండదు. కొలత చెప్పింది, అంతే.

ఇప్పుడు మీ ఆయన చెప్పిన మూడడుగుల సంగతి. ఎత్తు లేపడం తప్పుడు ఆలోచన కాదు. ఎక్కడి నుంచి మూడడుగులు అన్నదే ప్రశ్న. రోడ్డు నుంచి కొలిస్తే, ఆ రోడ్డు మీద ఇంకో పదేళ్లలో రెండుసార్లు సీసీ పోస్తారు, మీ మూడడుగులు రెండడుగులవుతాయి. కొలవాల్సింది 2023 నీళ్ల గీత నుంచి. దాని పైన కనీసం ఇంకో అడుగున్నర వదిలి గచ్చు లెవెల్ పెట్టుకోవాలి. అలా లేపితే ఇంట్లోకి నీళ్లు రాకపోవచ్చు కానీ, ఇంటి చుట్టూ వస్తాయి. సెప్టిక్ ట్యాంకు నిండి లెట్రిన్ నుంచి పైకి తన్నుతుంది. సంపులో మురికి నీళ్లు కలుస్తాయి. బోరు మోటారు, కరెంటు మీటరు, బండి, అన్నీ కిందే ఉంటాయి. మీరు లేపిన మొరం వల్ల పక్కింట్లోకి నీళ్లెక్కువ పోతాయి, దాంతో రోజూ మొహాలు చూసుకునే వాళ్లతో తగవు.

ఇంకొకటి, ఇది రాయడానికి నాకే బాధగా ఉంది. నీళ్లొచ్చిన రాత్రి మీ ఆయన ఇంట్లో ఉండకపోవచ్చు. 2023 జూలై 27న మోరంచ వాగు పొంగి మోరంచపల్లి ఊరే మునిగిపోయింది. పరకాల నుంచి భూపాలపల్లి వెళ్లే దారి అదే కదా. వాన ఇక్కడా అక్కడా ఒకేసారి పడుతుంది. చుట్టూ నీళ్లున్న ఇంట్లో మీరు, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ, ఒక్కరే నడవలేని మామగారు. ఆయనను మేడ మీదికి ఎవరు ఎక్కిస్తారు? ఇల్లు ఎంత ఎత్తున కట్టాలన్న లెక్క కంటే ముందు మీ దంపతులిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సింది ఇది.

ఇక ఇన్సూరెన్స్. మీ ఆయన దీన్ని ప్రస్తావించడం నాకు సంతోషంగా ఉంది, మనలో చాలామంది బండికి చేయిస్తారు కానీ ఇంటికి చేయించరు. అయితే అది ఏం ఇస్తుందో, ఏం ఇవ్వదో ముందే తెలియాలి.

2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో సాధారణ బీమా కంపెనీలన్నీ "భారత్ గృహ రక్ష" అన్న ఒకే రకం ఇంటి పాలసీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. అందులో అగ్నిప్రమాదం, తుపానుతోపాటు వరద ముంపు కూడా ఉంటుంది, దానికి విడిగా కట్టక్కర్లేదు. ఇల్లు మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో అంతకు బీమా చేస్తారు. స్థలం విలువకు చేయరు. ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీరు పెట్టబోయే 28 లక్షలు పూర్తిగా స్థలానికే. ఆ స్థలం ముంపు ప్రాంతమని పేరుపడి రేటు సగమైనా పాలసీ ఒక్క రూపాయి ఇవ్వదు. మార్కెట్ విలువ తగ్గడం పాలసీలోకి రాదని అందులోనే రాసి ఉంటుంది. తక్కువ రేటుకు దొరికిందని మీరు సంబరపడుతున్న గజానికి 6 వేల తేడా ఆ నష్టమే కావచ్చు, ముందుగానే రేటులో కలిసి వచ్చింది.

ఇంటికి బీమా చేయిస్తే సామానుకు కూడా ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, జాబితా ఇవ్వకుండానే వర్తిస్తుంది. ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే వేరే చోట అద్దెకూ ఇస్తారు. వరద వచ్చిన 7 రోజుల్లోపు, ఆ గందరగోళంలో దొంగతనం జరిగితే దానికీ ఉంది. నగలకు వేరే కవర్ అడిగి తీసుకోవాలి. నగదుకు, కాగితాలకు, బండికి ఇది వర్తించదు. కట్టుబడి జరుగుతున్నప్పుడు మీ ఇంటికి ఈ పాలసీ పనికిరాదు, దానికి కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ అని వేరేది ఉంది. పునాది తీసిన గుంట వానాకాలంలో నిండితే ఎవరిదన్నది మేస్త్రీతో ముందే రాసుకోండి. తర్వాత పైన ఇంకో రెండు గదులు వేసుకుంటే కంపెనీకి తెలియజేసి పాలసీలో చేర్పించాలి.

బ్యాంకులో సంతకాలు పెట్టేటప్పుడు జాగ్రత్త. "ఇన్సూరెన్స్ కూడా చేశాం మేడం" అని వాళ్లు చెప్పేది చాలాసార్లు లోను తీసుకున్న మనిషి ప్రాణానికి చేసిన బీమా, ఇంటికి కాదు. ఇంటికి చేసినా లోను మొత్తానికే చేసి ఉండొచ్చు. పాలసీ కాగితం అడిగి తీసుకుని, ఇల్లు అని రాసి ఉందా, వరద అని రాసి ఉందా చదవండి. దరఖాస్తులో గతంలో ముంపు గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచిపెడితే క్లెయిము రోజున అదే మీ మెడకు చుట్టుకుంటుంది.

క్లెయిము అనేది ఎలా ఉంటుందో ఒకసారి మా అక్క ఇంట్లో చూశాను. నీళ్లు తీసేసరికి ఇల్లంతా చీలమండల లోతు ఒండ్రు. బీరువా తలుపు ఉబ్బి తెరుచుకోలేదు, గడ్డపారతో లేపారు. పట్టుచీరలన్నీ ఒకదాని రంగు ఒకదానికంటుకుని ముద్దయ్యాయి. అక్క వాటిని చూడలేదు. పిల్లల టెన్త్ మెమోలు నవారు మంచం మీద పరిచి, ఫ్యాను తిరగదు కాబట్టి విసనకర్రతో విసురుతూ కూర్చుంది. బావ వాసన భరించలేక సామానంతా ఆ రోజే కడిగి బయట పారేయించాడు. మూడో రోజు బీమా కంపెనీ సర్వేయరు వచ్చి "పోయినవి ఏవి?" అంటే చూపించడానికి ఏమీ లేదు. వచ్చిన డబ్బు రావాల్సినదాంట్లో సగం కూడా కాదు. కాబట్టి ఎప్పుడైనా అవసరం పడితే కడగక ముందే వీడియో తీయండి, గోడ మీద నీళ్ల గీత పక్కన టేపు పెట్టి ఫోటో తీయండి, అదే రోజు కంపెనీకి తెలియజేయండి. క్లెయిము తోసిపుచ్చితే ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి) రాయొచ్చు, ఖర్చుండదు, 50 లక్షల వరకు తీర్పు ఇచ్చే అధికారం ఉంది. బీమా డబ్బు ఫ్రిజ్ తెస్తుంది, గోడకు రంగు వేయిస్తుంది. మీరు సజ్జ దగ్గర నిలబడ్డ ఆ రాత్రికి మాత్రం పరిహారం ఏ పాలసీలోనూ లేదు.

మరి ఏం చేయొచ్చు?

కొలతల్లో ప్లాటు పల్లమని, నీళ్లు కుంట నుంచే వస్తాయని తేలితే వదులుకోవడం ఒక దారి. 3 లక్షలు మొత్తం పోతాయని ఇప్పుడే అనుకోవద్దు. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే అది చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. పాత డాక్యుమెంటులో ఒర్రె ఉండి మీకు చెప్పకపోతే మీ చేతిలో బలముంది. ముందు ఆ బయానా కాగితాన్ని ఒక సివిల్ లాయరుకు చూపించండి. కోర్టు దాకా పోకుండా బాబాయిగారి ద్వారానే, అదే అమ్మకందారుకు ఎత్తులో వేరే ప్లాటు ఉంటే దానికి బయానా మార్చమనడం చాలాచోట్ల కుదురుతుంది. రేటు ఎక్కువ పడుతుంది, 150 గజాలతో సరిపెట్టుకోవాల్సి రావొచ్చు. బాబాయిగారి మాట కూడా పోదు. ఏదీ కుదరక 3 లక్షలు పోయినా, అది పెద్ద దెబ్బే, కాదనను. కానీ పోయిన 3 లక్షల కోసం ఇంకో 25 లక్షలు, ఆపైన ఇంటి ఖర్చు, మీ బంగారం అదే చోట పెట్టడం ఆ దెబ్బకు మందు కాదు.

రెండో దారి గడువు అడగడం. రిజిస్ట్రేషన్ దీపావళి దాటాక పెట్టుకుందామని రాతపూర్వకంగా ఒప్పించగలిగితే ఒక వానాకాలం కళ్లతో చూస్తారు. అమ్మేవాళ్లు వడ్డీ అడగొచ్చు, రేటు పెంచొచ్చు. ఆ ఏడాది వానలు తక్కువ పడి ఏమీ తెలియకుండానే సీజన్ అయిపోవచ్చు కూడా. మొంథా వచ్చింది అక్టోబరు చివర కాబట్టి దసరాకే తొందరపడకండి.

మూడోది, నీళ్లు మోరీ వల్లే నిలుస్తున్నాయని, లోతు మోకాలి లోపేనని తేలితే కొని జాగ్రత్తగా కట్టుకోవడం. కింద పిల్లర్ల మీద ఖాళీగా వదిలి పార్కింగు పెట్టుకుని, పైన ఉండటం. సెల్లారు ఆలోచనే వద్దు. మీటరు, స్విచ్‌బోర్డులు నీళ్ల గీతకు పైన, డ్రైనేజీ పైపుకు నీళ్లు వెనక్కి తన్నకుండా వాల్వు, సంపు మూత గచ్చు కంటే ఎత్తులో. ఖర్చు పెరుగుతుంది. మామగారికి మెట్లు ఎక్కడం కష్టం, ర్యాంపుకో చిన్న లిఫ్టుకో లెక్క వేసుకోవాలి. ఆయన కోసమే కింద ఒక గది వేద్దామని మీ ఆయన అంటారు, ప్రేమతోనే అంటారు. నీళ్లొచ్చే చోట కింది గది ఆయనకే ఎక్కువ ప్రమాదం. ఈ దారిలో గృహ రక్ష పాలసీ మొదటి రోజు నుంచి ఉండాలి, పదేళ్ల వరకు ఒకేసారి తీసుకునే వీలుంది.

పాత ఇల్లు కొనడం గురించి మీరు రాయలేదు. ఎత్తు మీద పదిహేనేళ్ల ఇల్లు దొరికితే దాన్ని చిన్నచూపు చూడకండి. మూడు వరదలు చూసిన ఇల్లు అది, గోడలు నిజం చెబుతాయి.

మీ అత్తమ్మ కోపం గురించి ఒక మాట. ఆమెకు ఈ వయసులో సొంతింట్లో పసుపు కుంకుమలతో గడప తొక్కాలని ఉంది. మీరు వద్దన్నది ఆ ప్లాటును, ఆమె విన్నది ఇల్లే వద్దని. ఆమెకు అలా విడదీసి చెప్పండి, 2020 రాత్రి సంగతి ఇంతవరకు ఆమెతో వివరంగా చెప్పి ఉండకపోతే అదీ చెప్పండి. మీ ఆయనతో మాత్రం ఫోన్‌లో వాదించకండి. ఈసారి సెలవుకొచ్చినప్పుడు బండి మీద ఇద్దరూ వెళ్లండి. బాబాయిగారు లేకుండా వెళ్లండి. ప్లాటు దగ్గర ఆగకుండా నేరుగా ఆ మూడు మెట్ల ఇంటికి పోయి, మంచినీళ్లు అడిగి, ప్రహరీకి నడుము దాకే రంగు ఎందుకు వేశారమ్మా అని ఆ ఇంటావిడను అడగండి. ఆమె చెప్పేది మీ ఆయన చెవులతో వినాలి.